జిమ్నీకి లిఫ్ట్ స్ప్రింగులు: ఇంచులు తర్వాత, ముందు కేజీలు చూడు

తమ్ముడు, నువ్వు రాసింది రెండు సార్లు చదివిన. మారుతి 5 డోర్ జిమ్నీ, తీసుకొని ఏడాదిన్నర, కొంపల్లిల ఇల్లు, నెలకి రెండు సార్లు భార్యాపిల్లలతోని అనంతగిరి, కోట్‌పల్లి దిక్కు మట్టి బాటలు, మిగతా రోజులు ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్ఆర్) మీద ఆఫీసు. షాపాయన 3 ఇంచుల లిఫ్ట్ (అంటే బాడీని అంత ఎత్తు లేపుడు), హెవీ డ్యూటీ స్ప్రింగులు వేసుకోమన్నడు, నీ దోస్తేమో 30 ఎంఎం స్పేసర్లు (ఉన్న స్ప్రింగుకి పెట్టే దిమ్మెలు) పెడితే చాలన్నడు, ఇద్దర్ల ఎవరి మాట వినాలె అని అడిగినవ్. నా మాటైతే ఇద్దరి మాటా ఇప్పుడే వినకు, ఎందుకంటే ఇద్దర్ల ఒక్కరు కూడా నీ బండి బరువెంత అని అడగలే.

నేను 18 ఏండ్ల సంది సస్పెన్షన్ పనే చేస్తున్న, మొదట్ల అంతా జిప్సీలు, పాత థార్లు, బొలెరోలు, అంటే కమాన్ పట్టీల (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు) పని, తర్వాత కాయిల్ (చుట్ల స్ప్రింగ్) బండ్లు వచ్చినయ్. ఈ ఏండ్లన్నిట్ల నా దగ్గరకి లిఫ్ట్ విప్పించుకోనీకి వచ్చినోళ్ళు శానామంది, వాళ్ళల్ల ఎక్కువమంది ఒకటే తప్పు చేసిండ్రు, ఎన్ని ఇంచులు అని కొన్నరు గాని ఎన్ని కేజీలకి అని కొనలే.

ముందు లిఫ్ట్‌తోని ఏమొస్తది ఏం రాదు అది తెల్సుకో. జిమ్నీకి ముందు వెనక రెండు దిక్కులా సాలిడ్ యాక్సిలే, అంటే రెండు చక్రాలని కలిపే ఒకటే గట్టి ఇరుసు, కాబట్టి స్ప్రింగు మార్చితే పైన బాడీ, చాసిస్ లేస్తయ్ గాని కింద ఆ ఇరుసు మీద గేర్లుండే డిఫరెన్షియల్ గుండు ఉన్నకాడనే ఉంటది. నువ్వు 2 ఇంచులు లేపు 4 ఇంచులు లేపు, బాట మధ్యల ఉన్న బండరాయి ఆ గుండుకి తగిలేది ఉంటే తగుల్తది. దాన్ని లేపేది టైర్ ఒక్కటే. ఇప్పుడున్న 195/80 ఆర్15 టైర్ ఎత్తు సుమారు 693 ఎంఎం, 215/75 ఆర్15 వేస్తే 703 అయితది, అంటే గుండు కిందికెళ్ళి 5 ఎంఎం ఎక్కువ, అంతే. 235/75 ఆర్15 అయితే 733 దాకా పోతది, 20 ఎంఎం లాభం, కాకపోతే దానికి గేరింగ్ బరువైతది, ఇంజిన్ 1.5 లీటరే కదా, ఘాట్ మీద తెలుస్తది, స్టీరింగ్ మొత్తం తిప్పినప్పుడు లోపల రుద్దుకుంటదా అనేది కూడా చూసుకోవాలె.

మరి లిఫ్ట్ ఎందుకు అంటే, 5 డోర్ జిమ్నీకి అసలు ఇబ్బంది నడుము. 3 డోర్ వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల నడుమ దూరం) 2250 ఎంఎం, మనది 2590. గ్రౌండ్ క్లియరెన్స్ రెండిటికీ 210 ఎంఎంయే, కానీ పొడవు పెరిగినందుకు గుట్ట ఎక్కి దిగేటప్పుడు మధ్యల తగిలే కోణం, దాన్నే ర్యాంప్ బ్రేక్‌ఓవర్ అంటరు, 3 డోర్‌కి 28 డిగ్రీలు ఉంటే మనకి 24యే. ముందు బంపర్ తగలకుండ ఎక్కే కోణం 36, వెనకది 50, అవి మంచిగనే ఉన్నయ్, వాటి గురించి ఫికర్ లేదు. ఇప్పుడు వీల్‌బేస్‌ల సగం 1295, బాడీని 40 ఎంఎం లేపితే ఆ నడుము కోణం ఇంచుమించు మూడున్నర డిగ్రీలు పెరుగుతది, అంటే 27 న్నర, దాదాపు 3 డోర్ లెక్కకి వచ్చేసినట్టే. కోట్‌పల్లి దగ్గర కాలువ గట్లు అడ్డంగ దాటేటప్పుడు నీకు కింద గీసుకపోయేది ఇదే, అది ఈ 40 ఎంఎంతోని పోతది. 3 ఇంచులు లేపితే ఇంకో మూడు డిగ్రీలు వస్తయ్ నిజమే, కానీ దానికి ఇచ్చే ధర పైసలల్ల కాదు, బండి నడకల ఇయ్యాలె, అదెట్లనో కింద చెప్తా. పిల్లలతోని పోయే బండికి నేనైతే 40 దాటనియ్య.

ఇప్పుడు అసలు పని. ఒక ఆదివారం ట్యాంక్ ఫుల్ చేపించి ఏదన్న వేబ్రిడ్జికి పో, ధర్మకాంటా అంటం కదా, మేడ్చల్ రోడ్డు మీద మస్తుగ ఉంటయ్. మొదలు ఖాళీ బండి, నువ్వొక్కనివే, మొత్తం బరువు తీసుకో, తర్వాత ముందు చక్రాలు మాత్రమే ప్లాట్‌ఫారం మీద ఉంచి ఇంకో చిట్టీ. మళ్ళ ఇంటికొచ్చి ట్రిప్‌కి పోయేటప్పుడు ఎట్ల పోతవో గట్లనే నింపు, భార్యాపిల్లలు, 20 లీటర్ల నీళ్ళ క్యాన్, టూల్స్, రికవరీ తాడు, కూలర్ బాక్స్, అన్నీ, మళ్ళ అదే రెండు చిట్టీలు. నాలుగు అంకెలొస్తయ్, మొత్తంలకెళ్ళి ముందుది తీసేస్తే వెనక యాక్సిల్ బరువు. రేపు వించ్ (ఇరుక్కున్న బండిని గుంజే మోటారు), ఇనుప బంపర్ వేసే ఆలోచన ఉంటే అది కూడా ఇప్పుడే నిర్ణయం తీసుకో, ఎందుకంటే ఆ రెండు కలిసి ముందు యాక్సిల్ మీద ఈజీగ 70, 80 కేజీలు కూసుంటయ్, రూఫ్ మీద టెంట్ వేస్తే అదో 50, 60. ఇప్పుడు ఖాళీ బండికి స్ప్రింగ్ తీసుకొని ఆరు నెలలకి బంపర్ వేస్తే ముక్కు కిందికి పడ్తది, స్ప్రింగ్ మళ్ళ కొనాలె.

లెక్క ఎట్లుంటదో చూపిస్తా, అంకెలు నీ బండివి కావు, లెక్క తెల్వాలని అనుకుంటున్న. వెనక యాక్సిల్ ఖాళీగ 560 కేజీలు, ట్రిప్ సామానుతోని 700 వచ్చినయ్ అనుకుందాం. ఇందుల యాక్సిల్, చక్రాలు, బ్రేకులు స్ప్రింగ్ మీద పడవు, అవి నేల మీదనే ఉంటయ్, దానికి ఒక 100 తీసెయ్. మిగిలింది 460, 600. ఒక్కో స్ప్రింగ్ మీద 230, 300. కంపెనీ స్ప్రింగ్ ఒక ఎంఎం నొక్కనీకి 2 కేజీలు అడుగుతది అనుకో, దీన్నే స్ప్రింగ్ రేట్ అంటరు, ధర కాదు, గట్టిదనం. అప్పుడు ఖాళీ బండికి 115 ఎంఎం, నిండు బండికి 150 ఎంఎం నొక్కుకుంటది. విప్పి పక్కన పెడితే ఆ స్ప్రింగ్ 365 ఎంఎం ఉందనుకో, బండి కింద నిండు బరువుతోని 215 ఉంటది.

ఇప్పుడు రెండున్నర కేజీల రేట్ స్ప్రింగ్ తీసుకుంటే అదే 300 కేజీలకి 120 ఎంఎమ్మే నొక్కుకుంటది. నాకు నిండు బండి మీద 40 ఎంఎం లిఫ్ట్ కావాలె అంటే బండి కింద 255 ఉండాలె, దానికి 120 కలుపు, 375. అంటే కొత్త స్ప్రింగ్ పాత దానికంటే పొడవు 10 ఎంఎమ్మే ఎక్కువ! శానామంది బాక్స్ ఇప్పి పాతది కొత్తది పక్కపక్కన నిలబెట్టి, సెంటీమీటర్ కూడా సరిగ్గ తేడా లేదు, 40 ఎంఎం అని చెప్పి మోసం చేసిండ్రని షాపాయనతోని కొట్లాటకి పోతరు. మోసం కాదది, సగం పైన లిఫ్ట్ రేట్ నుంచే వస్తది. అట్లనే ఉల్టా కూడా ఆలోచించు, పొడుగ్గ కనిపించే మెత్త స్ప్రింగ్ బరువు పడంగనే కూసుంటది.

అదే షాపాయన చెప్పిన హెవీ డ్యూటీ, మూడున్నర కేజీల రేట్ అనుకో, దాంతోని 3 ఇంచులు లేపితే ఏమైతదో చూడు. ఖాళీ బండి మీద ఆ స్ప్రింగ్ 66 ఎంఎమ్మే నొక్కుకోని ఉంటది. అంటే చక్రం గుంతలకి దిగేటప్పుడు 66 ఎంఎం దిగంగనే స్ప్రింగ్ ఊసిపోయినట్టే, ఇంక దాని మీద బరువు సున్నా, చక్రం నేలని నొక్కదు, గాలిల తిరుగుతది. కంపెనీ స్ప్రింగ్‌కి ఆ దిగుడు 115 ఉండె. బాడీ ఎత్తు పెరిగింది గాని చక్రం నేలని పట్టుకునే గుణం తగ్గింది, ఆఫ్‌రోడ్‌ల మనకి కావాల్సింది రెండోదే కదా. ఇంక కుదుపు సంగతి. ఖాళీ బండిని వెనక నొక్కి వదిలితే 2 కేజీల స్ప్రింగ్ నిమిషానికి 88 సార్లు ఊగే లెక్కన ఉంటది, రెండున్నరది 98, మూడున్నరది 116. ఎనభై తొంభైలల్ల ఉన్నంత సేపు ఒంటికి హాయిగ ఉంటది, 110 దాటినంక మేడ్చల్ సర్వీస్ రోడ్డు మీద ప్రతి అతుకూ నడుముకి తెలుస్తది, వెనక సీట్ల పిల్లలుంటే ఇంకా ఎక్కువ.

ఇది పుస్తకం లెక్క కాదు, నాకు జరిగింది కూడా. 2012ల నా జిప్సీకి సిటీల ఒక షాపుల ఒక్కో కట్టకి రెండేసి పట్టీలు ఎక్కువ వేయించిన, ఎత్తు బ్రహ్మాండంగ వచ్చింది. వాన పడ్డంక అనంతగిరిల ఒక వాగు ఒడ్డున, రెండు దిక్కులా అడ్డదిడ్డం గుంతలు, నా బండి ముందు ఎడమ చక్రం గాలిల, వెనక కుడి చక్రం గాలిల, గాలిల ఉన్న ఆ రెండే తిరుక్కుంట, నేల మీదున్న రెండు కదలకుండ నిలబడ్డయ్, నా వెనక వచ్చిన దోస్తు జిప్సీ, కంపెనీ పట్టీలే, మెల్లగ అదే బాటల నడుచుకుంట పోయింది. ఆ సాయంత్రమే పట్టీలు విప్పించిన. అప్పటి సంది ఎవరు లిఫ్ట్ అని వచ్చినా మొదటి ప్రశ్న బరువు గురించే అడుగుతున్న.

రేట్ దేన్నిబట్టి వస్తదో కూడా తెల్సుకుంటే షాపుల నిన్నెవరూ తప్పుదారి పట్టియ్యలేరు. తీగ మందం, కాయిల్ గుండ్రం ఎంత వెడల్పు, పనిచేసే చుట్లు ఎన్ని, ఈ మూడే. ఇందుల తీగ మందం అన్నిటికంటే గట్టిది, మందం నాలుగో ఘాతం లెక్కన పోతది, అంటే 12 ఎంఎం తీగ నుంచి 13కి పోతే కంటికి తేడా కనపడదు గాని స్ప్రింగ్ 38 శాతం గట్టిగైతది. కాయిల్ వెడల్పు పెరిగితే మూడో ఘాతం లెక్కన మెత్తగైతది, చుట్లు పెరిగినా మెత్తగైతది. అందుకే వెర్నియర్ (మందం కొలిచే పరికరం) తీసుకపో, తీగ కొలువు, చుట్లు లెక్కపెట్టు. రేట్ ఎంత అని అడిగితే చెప్పలేని స్ప్రింగ్ ఎంత మెరిసే రంగుల ఉన్నా వదిలెయ్. ఓల్డ్ మ్యాన్ ఈమూ, ఐరన్‌మ్యాన్ లాంటి కంపెనీలు ఒకటే బండికి రెండు మూడు రకాలు బరువును బట్టి ఇస్తయ్, ఎప్పుడూ ఉండే బరువు ఎంత అని అడిగి ఇస్తయ్, ఆ పట్టికల నీ వేబ్రిడ్జి అంకెలు పెట్టి చూసుకోవాలె. ఎప్పుడూ ఉండే బరువు అంటే నెలకి రెండు సార్లు వేసే సామాను కాదు, బండికి బోల్టు వేసి బిగించి ఉండేది.

రేట్ మారుతుండే స్ప్రింగులు ఉంటయ్, ప్రోగ్రెసివ్ అంటరు, ఒక దిక్కు చుట్లు దగ్గరగ ఇంకో దిక్కు దూరంగ. ఖాళీల మెత్తగ, బరువు పడితే గట్టిగ. నీ లెక్కన వారం అంతా ఒక్కనివి, శనాదివారం ఇంటిల్లిపాది బరువు అయితే వెనక్కి అది మంచిదే, కానీ ఖాళీ బండి మీదనే ఆ దగ్గరి చుట్లు అతుక్కొని కూసున్నయా చూడు, అట్లుంటే ఆ మెత్తదనం నీకు దొరకనే దొరకదు. ముందు దిక్కు బరువు అంతగ మారదు, అక్కడ ఒకటే రేట్ ఉన్నది వేసుకో, స్టీరింగ్ నమ్మకంగ ఉంటది.

నీ దోస్తు చెప్పిన స్పేసర్ అంత చెడ్డదేం కాదు. పాలీయూరిథేన్‌ది, 20 నుంచి 30 ఎంఎం, ఒకటే, దాని మీద ఇంకోటి పేర్చకుండ. స్పేసర్‌తోని రేట్ మారదు, మెత్తదనం అట్లనే ఉంటది, ఖాళీ బండి నడిపేటోళ్ళకి సరిపోతది. కాకపోతే నీ స్ప్రింగ్ ఇప్పటికే నిండు బరువుకి కిందికి కూసుంటుంటే స్పేసర్ ఆ జబ్బుని తగ్గియ్యదు. ఇంకోటి, రోడ్డు పక్క యాక్సెసరీ షాపులల్ల కాయిల్ చుట్ల మధ్యల ఇరికిచ్చే రబ్బరు బఫర్లు అమ్ముతరు, అవి మాత్రం పెట్టకు. రబ్బరు పెట్టిన చుట్టు పనిచెయ్యకుండ ఆగిపోతది, దాని భారం పక్క చుట్ల మీద పడ్తది, ఇంకా ఆ సందుల మట్టి చేరి రంగు గీసుకపోయి తుప్పు పడ్తది, చీలిక అక్కడనే మొదలైతది. అట్లనే పాత స్ప్రింగుని కాల్చి సాగదీసి ఇస్తం అనేటోళ్ళున్నరు, ఆటోనగర్‌ల కూడా ఎవరో ఒకరు చెప్తరు, మంటల పెట్టినంక ఉక్కు టెంపర్ పోతది, రెండు నెలలకి మళ్ళ కూసుంటది, ఒక్కోసారి విరుగుతది. లోకల్‌గ చేపిస్తే తప్పు లేదు, చేసేటోళ్ళని రెండు అడుగు: చేసినంక పూర్తిగ నొక్కి ప్రీసెట్ చేస్తరా, షాట్ పీనింగ్ (చిన్న ఉక్కు గుండ్లతోని పైభాగాన్ని కొట్టి గట్టిపర్చుడు) ఉంటదా. ఆ రెండు లేకపోతే ఎత్తు నిలవదు, ఆయుష్షు ఉండదు.

షాక్స్ (స్ప్రింగ్ ఊగుడుని ఆపే షాక్ అబ్జార్బర్లు) గురించి నువ్వు అడగలే, కానీ స్ప్రింగ్ ఒక్కటే మార్చుడు సగం పని. బండి 40 ఎంఎం లేస్తే పాత షాక్ అప్పటికే 40 ఎంఎం సాగి ఉంటది, చక్రం దిగేటప్పుడు స్ప్రింగ్ కంటే ముందు షాక్ చివరికొచ్చి టక్కున ఆగుతది, ఆ దెబ్బకి షాక్ లోపల, పైన మౌంట్ రెండూ పోతయ్. అందుకే పొడుగు షాక్ కావాలె, కానీ పొడుగు షాక్ మొత్తం నొక్కినప్పుడు కూడా కొంచెం పొడుగ్గనే ఉంటది, అది అడుగుకి కొట్టకుండ బంప్‌స్టాప్ (చక్రం పైకి లేచుడుని ఆపే రబ్బరు దిమ్మె) అంత మేర కిందికి దించాలె. స్ప్రింగ్ చుట్లన్నీ అతుక్కునే లోపల బంప్‌స్టాప్ తగలాలె, ఇది కూడా లెక్కనే: మొత్తం 8 చుట్లు, 13 ఎంఎం తీగ అయితే 104 ఎంఎం దగ్గర స్ప్రింగ్ ఇనుప కడ్డీ అయిపోతది, అంతకంటే ముందే బంప్‌స్టాప్ ఆపాలె. రేట్ నాలుగో వంతు పెరిగితే షాక్ పట్టు కూడా ఒక 12 శాతం పెరగాలె, లేకపోతే స్ప్రింగ్ ఎగిరేస్తది, షాక్ ఆపలేదు. స్ప్రింగులు, షాక్స్ ఒకటే కిట్‌గ తీసుకోమని చెప్పేది అందుకే.

ఇంక 3 ఇంచులు ఎందుకు వద్దన్ననో. ముందు యాక్సిల్‌ని పట్టుకునే రెండు పొడుగు ఆర్మ్స్ ఉంటయ్, బాడీ లేస్తే అవి కిందికి వంగి యాక్సిల్‌ని కొంచెం తిప్పుతయ్, దాంతోని కాస్టర్ కోణం (స్టీరింగ్ తిరిగే ఇరుసు వెనక్కి వాలి ఉండే కోణం) తగ్గుతది. ఆర్మ్ 90 సెంటీమీటర్లు అనుకుంటే 50 ఎంఎం లిఫ్ట్‌కి 3 డిగ్రీల పైన పోతది, 3 ఇంచులకి దాదాపు 5. కాస్టర్ తగ్గితే స్టీరింగ్ తనంతట తాను సూటిగ రాదు, ఓఆర్ఆర్ మీద వంద దాటంగనే బండి అటు ఇటు వెతుక్కుంటది, ఒక్కోసారి ఏదన్న అతుకు మీద ముందు చక్రాలు గజగజ వణుకుతయ్, చేతుల్ల స్టీరింగ్ పట్టుకోవస్తలేదు అనిపిస్తది. పిల్లలు ఉన్న బండిల అది ఒక్కసారి కూడా రావొద్దు. 40 ఎంఎంకి కూడా కాస్టర్ సరిచేసే బుష్‌లు (ఆర్మ్ కొసల ఉండే రబ్బరు ముక్కలు) వేపించు. పాన్‌హార్డ్ రాడ్ (యాక్సిల్ పక్కకి జరగకుండ పట్టే అడ్డ కడ్డీ) కూడా అంతే, బాడీ లేస్తే యాక్సిల్‌ని ఒక పక్కకి గుంజుతది, 40, 50కి అయిదారు ఎంఎం, దాంతోని బతకొచ్చు, 3 ఇంచులకి అడ్జస్టబుల్ రాడ్ పెట్టక తప్పదు. స్టీరింగ్ నడిమిట్ల ఉండదు, డ్రాగ్ లింక్ (స్టీరింగ్ నుంచి చక్రాలకి పోయే కడ్డీ) సర్ది నడిమిట్లకి తేవాలె, నీ బండికి ఈఎస్‌పీ (జారకుండ తనంతట తాను బ్రేకులేసే కంప్యూటర్) ఉంది, స్టీరింగ్ వంకరగ ఉంటే బండి సూటిగ పోతున్నా అది తిరుగుతుంది అనుకుంటది, కాబట్టి దీన్ని రేపు చూద్దాం అని వదలొద్దు. ఎత్తు పెరిగితే బరువు కేంద్రం కూడా పైకి పోతది, ఓఆర్ఆర్ నుంచి దిగే వంపుల్ల మునుపటి స్పీడ్ పనికిరాదు, ఇది ఇంట్ల బండి నడిపే వేరేవాళ్ళకి కూడా చెప్పు.

బిగించేటప్పుడు దగ్గర నిలబడి ఒకటి చూసుకో, దీన్ని మస్తుమంది మెకానిక్‌లు వదిలేస్తరు. ఆర్మ్స్ బుష్ బోల్టులు ముందే లూజ్ చెయ్యాలె, స్ప్రింగులు వేసి, బండి నాలుగు చక్రాల మీద నేల మీద నిలబడ్డంకనే మళ్ళ టైట్ చెయ్యాలె. జాకీ మీద చక్రాలు వేలాడుతున్నప్పుడే బిగిస్తే, బండి దిగంగనే ఆ రబ్బరు మెలిపడి ఎప్పుడూ గుంజుకోనే ఉంటది, కొన్ని నెలలకే చీలుతది, బండి ఎత్తు కూడా తప్పు చూపిస్తది. బ్రేక్ హోస్‌లు, ఏబీఎస్ వైర్లు, యాక్సిల్ బ్రీదర్ పైపు (లోపలి గాలి పోయే గొట్టం), చక్రం పూర్తిగ వేలాడినప్పుడు గట్టిగ గుంజుకోవద్దు, చేతితో పట్టి చూడు. హెడ్‌లైట్లు కిందికి సెట్ చేపించు, ఎదురొచ్చేటోనికి కండ్లల్ల కొడ్తయ్. ఎత్తు కొలిచేది నేల నుంచి కాదు, చక్రం నడిమి నుంచి ఫెండర్ అంచు దాకా, అప్పుడు టైర్ గాలితోని తేడా రాదు. విప్పక ముందు నాలుగు మూలలూ రాసిపెట్టు, బిగించినంక రాయి, వెయ్యి కిలోమీటర్లకి మళ్ళ రాయి, కొత్త స్ప్రింగ్ 5 నుంచి 10 ఎంఎం కూసునుడు మామూలే, ఒక మూలనే ఎక్కువ కూసుంటే అది మామూలు కాదు. అలైన్‌మెంట్ కూడా వెయ్యి తర్వాత ఇంకోసారి.

నీ ప్రశ్న కింద థార్ గురించి ఒకాయన అడిగిండు, రెండు మాటలు. 2020 సంది వచ్చే థార్‌కి వెనక సాలిడ్ యాక్సిల్ కాయిల్, అక్కడ ఈ లెక్కలే. ముందు మాత్రం డబుల్ విష్‌బోన్, అంటే ఒక్కో చక్రానికి విడిగ రెండేసి ఆర్మ్స్, అక్కడ స్ప్రింగ్ లేపితే యాక్సిల్ షాఫ్ట్ జాయింట్లు వంగుతయ్, క్యాంబర్, టో (చక్రం వాలే, తిరిగి ఉండే కోణాలు) అన్నీ మారతయ్, స్ప్రింగ్ కూడా చక్రం దగ్గర కాకుండ ఆర్మ్ మధ్యల ఉంటది కాబట్టి అక్కడ 20 ఎంఎం స్పేసర్ పెడితే చక్రం దగ్గర అంతకంటే ఎక్కువే లేస్తది, ఆ లెక్క తెల్వక పెట్టి బూట్లు (ఆ జాయింట్లని కప్పే రబ్బరు తొడుగులు) చింపుకున్నోళ్ళని చూసిన. కమాన్ పట్టీల బండ్లకి షాకిల్ (పట్టీ కొసని చాసిస్‌కి తగిలించే లింకు) 50 ఎంఎం పొడుగు పెడితే లిఫ్ట్ సగమే, 25 వస్తది, ముందు యాక్సిల్ కింద దిమ్మెలు ఎప్పుడూ పెట్టొద్దు.

చట్టం సంగతి కూడా తెల్సుకో. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ నుంచి బండిని మార్చొద్దంటది, 2019 జనవరిల సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగ చెప్పింది, అదే ఏడు చేసిన సవరణల అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, 6 నెలల దాకా జైలు, లేదా రెండూ అని ఉంది. వారంటీ ఉన్న బండి నీది, సస్పెన్షన్ క్లెయిమ్ పోవచ్చు. ఇన్సూరెన్స్ వాళ్ళకి ముందే రాసి అడుగు, వాళ్ళ జవాబు కాగితం మీద తీసుకో, ఫోన్‌ల చెప్పింది క్లెయిమ్ రోజు పనికిరాదు.

నీ లెక్కకి ఇప్పుడైతే నేను అనుకునేది: ముందు ఒకటే రేట్, కంపెనీ దానికంటే 15, 20 శాతం గట్టిది, వెనక ప్రోగ్రెసివ్ లేదా 25 శాతం గట్టిది, నిండు బండి మీద 40 ఎంఎం, దానికి తగిన షాక్స్, కాస్టర్ బుష్‌లు, 215/75 టైర్లు. బంపర్, వించ్ వేస్తనంటే ముందు రేట్ మారుతది. వేబ్రిడ్జి చిట్టీలు నాలుగు, చక్రం నడిమి నుంచి ఫెండర్ దాకా నాలుగు మూలల కొలతలు, షాపాయన చూపించిన స్ప్రింగ్ తీగ మందం, చుట్లు, పొడవు ఇవి ఇక్కడ రాయి, ఆ స్ప్రింగ్ నీ బండికి ఎంత లేపుతదో, ఎంత దిగనిస్తదో నేనే లెక్క వేసి చెప్తా, అప్పటి దాకా అడ్వాన్స్ ఇయ్యకు.